అడుగు పొర

ఈ లోకంలో వకుళకు పెంచలయ్యంత కావలసిన మనిషి ఇంకొకరు లేరు. కట్టుకున్నవాడు శశిధర్ కూడా ఆ తర్వాతే. పెంచలయ్య ఆమెకు చుట్టమూ కాదు, పక్కమూ కాదు. ఆమె ఏడేళ్ళ కూతురు తన్మయిని ఎత్తుకుపోయినందుకు యావజ్జీవ శిక్ష పడిన బాతుల కాపరి. అతను ఎత్తుకుపోయాడు కాబట్టే పాప ఎక్కడో ఒకచోట ఉంది. ఎవరికో ఇచ్చేసి ఉంటాడు, ఎవరింట్లోనో పెరుగుతూ ఉంటుంది, ఈపాటికి పదేళ్ళు నిండి ఉంటాయి. అతను ఎత్తుకుపోకపోతే మాత్రం... ఆ మాట దగ్గరికి వచ్చేసరికి వకుళ ఆలోచన ఆగిపోయేది. మూడేళ్ళుగా ఆ మాట దాటి ఒక్క అడుగు ముందుకు వేయలేదు.

అందుకే మూడు నెలలకోసారి జైలుకు వెళ్ళేది. తిట్టడానికి కాదు, బతిమాలడానికి.

"నిన్ను ఏమీ అనను పెంచలయ్యా. ఎక్కడ వదిలావో అది చెప్పు చాలు."

కడ్డీలకు అవతల పెంచలయ్య తల రెండు చేతులతో పట్టుకునేవాడు. నలభై ఏళ్ళ మనిషి, అరవై ఏళ్ళవాడిలా అయిపోయాడు.

"గుర్తు తెచ్చుకుంటా ఉండానమ్మా. పాప చెయ్యి పట్టుకోని కట్ట మీద పోతా ఉండేది కళ్ళకు కట్టినట్టు కనపడతాది. ఆ తర్వాతది రాదు. మొన్న పనికాడ ఉండగా ఒకటి తోచింది. రేకుల షెడ్డు. దాని ముందర బోరింగు ఉండాది."

గుంటూరు నుంచి ఒంగోలు దాకా రేకుల షెడ్డూ, దాని ముందు బోరింగూ లేని ఊరు ఒక్కటి చూపించండి. అయినా వకుళ సెలవు పెట్టి మరీ తిరిగింది. కనిపించిన ప్రతి షెడ్డు ముందూ కారు ఆపి, పాప ఫోటో చూపించి, లేదనిపించుకొని వచ్చింది. ఇంకోసారి అతను చింతచెట్టు అన్నాడు. మరోసారి రైలుగేటు అన్నాడు. ఆమె అన్నీ తిరిగింది. నంగనాచి, కావాలనే తిప్పుతున్నాడని ఒళ్ళు మండేది. కానీ తిరుగుతున్నంతసేపూ పాప బతికే ఉండేది. అది చాలు.

అసలు జరిగింది ఇది. ఏటా వరి కోతలయ్యాక నెల్లూరు వైపు నుంచి బాతులవాళ్ళు కృష్ణా డెల్టాకు వస్తారు. కోసిన మళ్ళల్లోకి వందల బాతులను తోలి రాలిన గింజలూ నత్తలూ మేపుతారు. గింజ ఉన్నన్నాళ్ళు కాలువ పక్కన ప్లాస్టిక్ పట్టాలు కప్పి గుడిసెలు వేసుకుంటారు, గింజ అయిపోగానే ఇంకో ఊరికి పోతారు. వాళ్ళు దిగిన ఊళ్ళో బిందె కనబడకపోయినా, కోడిపెట్ట కనబడకపోయినా, ముందు వెతికేది వాళ్ళ గుడిసెలే. దొరికినా దొరకకపోయినా క్షమాపణ చెప్పే అలవాటు ఏ ఊరికీ లేదు.

ఆ డిసెంబరులో వకుళ నాలుగు రోజుల సెలవుకు అత్తగారి ఊరు కొత్తలంక వచ్చింది. మధ్యాహ్నం డాబా మీద ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే, పసుపు గౌను వేసుకున్న తన్మయి వచ్చి బాతుల్ని చూసొస్తానంది. "వెళ్ళు, కాలువ వైపు మాత్రం పోకు" అన్నట్టు వకుళకు బాగా గుర్తు. తర్వాత ఒకసారి తలెత్తి చూస్తే కాలువ కట్ట మీద ఒక బాతుల కాపరి గెడకర్ర భుజాన వేసుకొని, పిల్ల చెయ్యి పట్టుకొని నడిచిపోతున్నాడు. సాయంత్రానికి పాప లేదు. మర్నాడు వేకువనే బాతులవాళ్ళు కూడా లేరు.

వకుళ మామూలు తల్లయితే కథ ఇంకోలా ఉండేదేమో. ఆమె గుంటూరులో ఒక పరిశోధనశాలలో మెదడు శాస్త్రవేత్త. ఆమె, ఎలక్ట్రానిక్స్ చూసే పెద్దాయన ఇమ్మానుయేలు కలిసి ఎనిమిదేళ్ళు చెమటోడ్చి ఒక యంత్రం తయారు చేశారు. తలకు తీగల టోపీ పెట్టుకొని పడుకొని, చూసినదాన్ని తలుచుకుంటే, మనసులో లేచిన ఆ దృశ్యం నాలుగైదు క్షణాల బొమ్మగా తెర మీదకు వస్తుంది. పేపర్లలో దానికి చాంతాడంత పేరు ఉండేది కానీ, లాబ్‌లో అందరూ 'అద్దం' అనేవాళ్ళు.

పాప పోయిన మూడో రోజున వకుళ తనే ఆ టోపీ పెట్టుకుంది. తెర మీద కాలువ కట్ట కనిపించింది. అంతకుముందు రోజుల్లో ఊళ్ళో చూసిన పెంచలయ్య ముఖం పక్కకు తిరిగి కనిపించింది. అతని చేతిలో చెయ్యి పెట్టి, పసుపు గౌనులో, ఇటే చూస్తూ తన్మయి.

అప్పటికి రెండు రోజులుగా ఈతగాళ్ళు లాకుల దగ్గర కాలువలో మునిగి వెతుకుతున్నారు. తెర మీది బొమ్మకు తీసిన ఫోటో వాట్సాప్‌లో ఊరికి చేరిన గంటకు వాళ్ళు పైకొచ్చి, తల తుడుచుకొని, ఎవరిళ్ళకు వాళ్ళు పోయారు. పాపను ఎవరు తీసుకుపోయారో తెలిశాక ఇంక నీళ్ళలో వెతకడం ఎందుకు.

పెంచలయ్య రెండూళ్ళ అవతల దొరికాడు. ఎందుకు పారిపోయావంటే, ఎండెక్కితే బాతులు నడవలేవు సారూ, అందుకే వేకువనే తోలుకుంటాం అన్నాడు. ఆ మాటకు స్టేషన్లో అందరూ నవ్వారట. పదకొండు రోజులు అతని ముందు ఆ ఫోటో పెట్టి, ఇది నువ్వు కాదా, ఈ చెయ్యి నీది కాదా అని అడిగారు. ఆ తర్వాత లాబ్‌కు తెచ్చి అద్దం ముందు పడుకోబెట్టారు.

లాబ్ గోడ మీద వకుళ స్వయంగా రాసి అంటించిన కాగితం ఒకటి ఉండేది. 'చూపించాక చదవకూడదు' అని. ఒక మనిషికి బొమ్మ చూపించి, తర్వాత అతని జ్ఞాపకాన్ని చదివితే, తిరిగి వచ్చేది మనం చూపించిన బొమ్మే. మొదటి ఏడాదే తెలిసిన సంగతి ఇది. ఇమ్మానుయేలు ఆ కాగితం వైపు చూసి, ఇతనికి ఫోటో చూపించేశారమ్మా అన్నాడు.

"మనం చూపించలేదుగా" అంది వకుళ.

పెంచలయ్య తలలోంచి కూడా అదే బొమ్మ వచ్చింది. అదే కట్ట, అదే పసుపు గౌను. రెండు వేర్వేరు తలల్లో ఒకే దృశ్యం ఉంటే ఇంకేం సాక్ష్యం కావాలన్నారు కోర్టులో. అద్దం కోర్టుకెక్కడం అదే మొదలు. ఆ తర్వాత ఇంకో పద్దెనిమిది కేసుల్లో వాడారు.

*

ఇమ్మానుయేలుకు ఇంక ఆరు నెలల్లో రిటైర్మెంట్. ఆ వయసులో అందరూ పెన్షన్ కాగితాల వెనక తిరుగుతుంటే, ఆయన కొత్త ప్రోగ్రాం ఒకటి రాసుకుంటూ కూర్చున్నాడు. అడిగితే చాదస్తం అనుకోమ్మా అనేవాడు. ఒక సోమవారం పొద్దున్నే వకుళను తన గదికి పిలిచి తలుపు వేశాడు. బల్ల మీద తెచ్చిపెట్టిన టీ మీద మీగడ కట్టింది.

"మొన్న మా ఇంటికి సున్నం కొట్టిద్దామని గోడ గీకించానమ్మా. తెలుపు కింద నీలం, నీలం కింద లేత ఆకుపచ్చ. మా నాన్న హయాంలో ఆకుపచ్చ. నేనే మర్చిపోయాను. జ్ఞాపకం కూడా అంతే కదా. తలుచుకున్నప్పుడల్లా ఇంకో పూత."

"తెలుసు కదండీ."

"పూతలున్నాయని తెలుసు. విడదీయడం ఇప్పుడు కుదిరింది. పాత రికార్డింగుల్లోంచే విడదీయొచ్చు. నా పెళ్ళి రోజుది తీసి చూశాను. మా ఆవిడ కట్టిన చీర అసలు ఎరుపు కాదు." ఆయన నవ్వబోయి మానుకున్నాడు. "తర్వాత నీది తీశాను. చెప్పకుండా తీశాను. తప్పే."

వకుళకు విషయం అప్పుడే అర్థమైంది. అర్థమైనట్టు ఒప్పుకోకుండా కుర్చీ జరుపుకొని కూర్చుంది.

తెర మీద ఆమెకు కంఠతా వచ్చిన బొమ్మ. ఇమ్మానుయేలు ఒక మీట నొక్కాడు. పసుపు కొంచెం వెలిసింది. ఇంకోసారి నొక్కాడు. తన్మయి ముఖం పక్కకు తిరిగింది. మళ్ళీ నొక్కాడు. ముఖం లేదు, వీపు కనిపిస్తోంది. జడలు పోయి కత్తిరించిన జుట్టు వచ్చింది. మూడు రోజుల్లో ఆమె ఆ దృశ్యాన్ని ఎన్నిసార్లు తలుచుకుందో అన్ని పొరలు. పందొమ్మిది, ఇరవై, ఇరవై ఒకటి. పెంచలయ్య ముఖం కూడా పోయింది. కట్ట మీద ఒక మగమనిషి వీపు, అతని పక్కన వెలిసిన లంగా కట్టుకున్న వేరే పిల్ల. ఆ పిల్ల చేతిలో చిన్న కర్ర. ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తోంది.

ఇరవై మూడో పొర అడుగు పొర. అందులో ఆ ఇద్దరూ ఎడమవైపు పోతున్నారు. కుడి మూల, వకుళ ఇంతవరకు ఏ పొరలోనూ చూడని చోట, కాలువ రేవు మెట్లున్నాయి. కింది మెట్టు మీద పసుపు రంగు. మంద నుంచి తప్పిపోయిన బాతుపిల్ల ఒకటి నీళ్ళలో ఉంది. పసుపు రంగు దానివైపు ముందుకు వంగుతోంది. వంగుతుండగానే బొమ్మ కిందికి జారిపోయి ల్యాప్‌టాప్ అక్షరాలు వచ్చాయి.

వకుళ చెయ్యి చాచి తెర ఆపేసింది. మాట్లాడినప్పుడు గొంతు మామూలుగానే ఉంది.

"ఎంతమంది చూశారు?"

"నేనొక్కణ్ణే. పదహారు రోజులైంది. నాకు అన్నం సయించడం లేదమ్మా."

"చెరిపేయండి."

"చెరిపేసేవాణ్ణయితే నీకు చూపించేవాణ్ణే కాదు." ఆయన చిన్న డ్రైవ్ ఒకటి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది నీ తలలోది. ముందు నువ్వు చెప్తే మర్యాదగా ఉంటుంది. నెలాఖరు దాకా ఆగుతాను. ఆ తర్వాత నేనే వెళ్ళి జడ్జిగారికి చెప్తాను. జైల్లో ఉన్నవాడికి ప్రతి రోజూ ఒక రోజే కదమ్మా."

*

నెలాఖరుకు తొమ్మిది రోజులున్నాయి. వకుళ ఆ తొమ్మిది రోజుల్లో చేయని ఆలోచన లేదు. కొత్త ప్రోగ్రాం తప్పు కావచ్చు. పొరలు విడదీస్తుంటే కొత్త బొమ్మ పుట్టి ఉండొచ్చు. ఇమ్మానుయేలుకు అరవై దాటాయి, గుండెజబ్బు. ఏదైనా జరగరానిది జరిగితే ఈ సంగతి ఆయనతోనే పోతుంది. ఈ చివరి ఆలోచన వచ్చినప్పుడు ఆమె వంటింట్లో ఉంది. తనకు అంత నీచమైన ఆలోచన వచ్చినందుకు అక్కడే, గ్యాస్ పొయ్యి ముందు చతికిలబడింది.

ఒక్క దారి మిగిలింది. అడుగు పొరలో ఆ పిల్ల ఎడమకాలు ఈడుస్తోంది. పెంచలయ్యకు కూతురుందని వకుళ కోర్టులో వినడమే కానీ ఎన్నడూ చూడలేదు. ఆ పిల్ల కాలు బాగానే ఉంటే ఇమ్మానుయేలు లెక్క తప్పు. బాగా లేకపోతే, తెలియని సంగతిని ఆమె మెదడు కల్పించడానికి వీల్లేదు, కాబట్టి చూసిందే.

పొన్నూరు దాటాక కోసిన మడిలో బాతులు గోలగోలగా మేస్తున్నాయి. గట్టు మీద గోనెసంచి పరుచుకొని కూర్చున్న ఆడమనిషి లేచి నిలబడింది. పెంచలయ్య భార్య చెంగమ్మ. ఆమె వకుళను చూడగానే గుర్తుపట్టింది. తిడుతుందనుకుంటే తిట్టలేదు.

"ఏందమ్మా ఇంత దూరం వచ్చినారు? పాప కనపడిందా?"

ఆ అడగడంలో నిజమైన ఆశ ఉంది. వకుళ తల అడ్డంగా ఊపింది.

"నేను కోర్టులో చెప్పినా గదమ్మా" అంది చెంగమ్మ. "ఆ కట్ట మీద పోతా ఉండేది మా పోలేరి అని. బొమ్మలో మొకం చూడమన్నారు. చూసినా. మొకం మీ పాపదే. ఏం చెప్పేది ఇంక. ఆయన కూడా నేనే తీసకపోయినా అంటా ఉంటే, నేను కూడా నమ్మినానమ్మా. సంవత్సరం పాటు జైలుకాడికి పోలేదు. లోకమంతా ఒకమాట అంటా ఉంటే నేనొక్కదాన్ని నమ్మకుండా ఎట్టా ఉండేది?"

"మీ పాప ఎక్కడుంది?"

"బాతులెనక ఉండాది. పోలేరీ, ఇట్రా."

మందకు అవతల నుంచి పదకొండేళ్ళ పిల్ల వచ్చింది. చేతిలో కర్ర. గట్టు ఎక్కేటప్పుడు ఎడమకాలు వెనకబడితే చెయ్యి చాచింది, చెంగమ్మ అందుకొని పైకి లాగింది.

"పుట్టుకతోనే అంతమ్మా" అంది చెంగమ్మ. "గట్ల మీద పడిపోతాదని వాళ్ళ నాయన ఎప్పుడూ చెయ్యి పట్టుకోనే నడిపించేవాడు. ఇప్పుడు నేను పట్టుకోవాల."

వకుళ ఏదో ఒకటి చెప్పి వెనక్కి తిరిగింది. కారు దాకా నడిచిన సంగతి ఆమెకు గుర్తులేదు. నిజం తేల్చుకోవడానికి అంత దూరం వెళ్ళి, తేలాక ఆ నిజం వాళ్ళకు చెప్పకుండానే వచ్చేసింది. పిరికితనానికి ఇంకో పేరు పెట్టనక్కర్లేదు.

ఇంటికొచ్చాక శశిధర్‌కు చెప్పింది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో ఇద్దరూ కూరలో ఉప్పు గురించి తప్ప మాట్లాడుకున్నది తక్కువ. అతను బ్యాంకు నుంచి వచ్చి చొక్కా కూడా విప్పలేదు. అంతా విని మంచం అంచున కూర్చున్నాడు.

"నేను మొదటి రోజే కాలువ అనుకున్నాను" అన్నాడు.

"ఏంటి?"

"నువ్వు 'వెళ్ళు, కాలువ వైపు పోకు' అన్నానని అందరికీ చెప్పావు. నేను మెట్ల మీదే ఉన్నాను వకుళా. నువ్వు తలెత్తకుండా 'ఊఁ' అన్నావు. అంతే. ఆ మాట గుర్తుచేస్తే నువ్వు ఏమైపోతావోనని ఊరుకున్నాను. బొమ్మ వచ్చింది, నువ్వు లేచి అన్నం తిన్నావు. నాకు అదే చాలనిపించింది."

"ఒక మనిషిని జైల్లో పెట్టారు."

"తెలుసు" అన్నాడు శశిధర్. "మనూరివాడు కాదు కదా అనుకున్నాను. ఎవరో బాతులవాడు. ఇప్పుడు అంటుంటే నోటికి చేదుగా ఉంది కానీ, అప్పుడు అలాగే అనుకున్నాను."

వకుళకు అతని మీద కోపం రావాలి. రాలేదు. తను కూడా సరిగ్గా అదే అనుకుంది, కాకపోతే దానికి యంత్రం సాయం తెచ్చుకుంది. ఇద్దరూ పక్కపక్కనే కూర్చున్నారు. చాలాసేపటికి శశిధర్ లేచి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు.

మర్నాడు ఆమె ఇమ్మానుయేలును వెంటబెట్టుకొని లాయరు దగ్గరకు వెళ్ళింది.

*

కోర్టులో వకుళ తనే నిలబడి చెప్పింది. చూపించాక చదవకూడదన్న నియమం రాసింది తానేనని, తప్పిందీ తానేనని చెప్పింది. ఇరవై రెండో పొర దాకా చూపించి, తాను చూసిన పిల్ల పెంచలయ్య కూతురేనని చెప్పింది. పాప రేవులో కాలుజారి ఉంటుందని, తను చూడలేదని చెప్పింది. అద్దాన్ని కోర్టుల్లో వాడకూడదని ఉత్తర్వు వచ్చింది. మిగతా పద్దెనిమిది కేసులూ తిరగదోడారు. ఆమె ఉద్యోగం పోయింది. పేపర్లు రెండు రోజులు రాసి, మూడో రోజు మర్చిపోయాయి. కొత్తలంకలో శశిధర్ కూతురికి చేయవలసిన కర్మ చేయించాడు. మూడేళ్ళ తర్వాత ఏ నీళ్ళలో ఏం దొరుకుతుంది. పురోహితుడు దర్భలతో చిన్న బొమ్మ చేసి పెట్టాడు. వకుళ ఆ పక్కనే కూర్చుంది కానీ ఏడుపు రాలేదు.

పెంచలయ్య విడుదలైన వారానికి ఆమె అతన్ని చూడటానికి వెళ్ళింది. క్షమాపణ అడిగితే తిడతాడు, ఉమ్మేస్తాడు, అన్నిటికీ సిద్ధపడే వెళ్ళింది. దేనికి సిద్ధపడలేదంటే, అక్కడ జరిగినదానికి.

పెంచలయ్య గుడిసెకు దూరంగా, వేపచెట్టు కింద ఒంటరిగా కూర్చున్నాడు. ఆమెను చూడగానే లేచి కాళ్ళ మీద పడబోయాడు.

"నన్నెందుకమ్మా ఇడిపించినారు? పాపను ఎక్కడ వదిలినానో చెప్పందే నన్ను ఇడిపిస్తే ఎట్టా?"

"నువ్వు తీసుకుపోలేదు పెంచలయ్యా. కోర్టు కూడా చెప్పింది కదా."

"కోర్టు ముందర తీసకపోయినావనింది. ఇప్పుడు లేదంటా ఉండాది. నాకు మాత్రం కనపడతా ఉండాది గదమ్మా. పసుపు గౌను. ఈ చేతిలోనే చెయ్యి పెట్టింది. మెత్తగా ఉన్నింది."

చెంగమ్మ కొంచెం అవతల పొయ్యి ఊదుతూ, వినిపించేట్టే చెప్పింది. "పోలేరిని దగ్గరికి రానీడమ్మా. గట్టు మీద పడిపోయినా చెయ్యి పట్టుకోడు. నా చేతికి పిల్లనియ్యొద్దే, యాడ వదిలేసి వస్తానో నాకే తెల్దంటాడు."

జైలు నుంచి మనిషిని తీసుకురావడానికి ఒక కాగితం సరిపోయింది. అతని తలలో పెట్టిన బొమ్మను తీయడానికి ఏ కాగితమూ పనికిరాదు. పదకొండు రోజులు స్టేషన్లో, మూడేళ్ళు జైల్లో, మూడు నెలలకోసారి వకుళ వచ్చి అడిగినప్పుడల్లా, అతను ఆ బొమ్మ మీద పూత మీద పూత వేసుకున్నాడు. గీకితే అడుగున అసలుది ఉంటుంది కానీ, యంత్రం చదివి చూపించగలదే తప్ప ఎవరి తలలోనూ గీకలేదు. చేయగలిగింది ఒక్కటే. పైన ఇంకో పూత వేయడం. ఆ సంగతి లోకంలో అందరికంటే ఆమెకే బాగా తెలుసు.

అప్పటి నుంచి వకుళ ప్రతి ఆదివారం బాతుల మంద ఎక్కడుంటే అక్కడికి వెళ్ళింది. వెళ్ళి, పెంచలయ్య ఎదురుగా కూర్చొని, అదే కథ మొదటి నుంచి చెప్పేది.

"ఆ రోజు నువ్వు పోలేరి చెయ్యి పట్టుకొని కట్ట మీద పడమటికి పోతున్నావు. పోలేరి వెలిసిన లంగా కట్టుకుంది. చేతిలో కర్ర ఉంది. మా పాప నీ దగ్గరకు రాలేదు. రేవు మెట్లు దిగింది. బాతుపిల్లను అందుకోబోయింది. నేను చూడలేదు. మా పాప నీళ్ళలో పడిపోయింది. చనిపోయింది."

మొదటిసారి ఆ చివరి మాట చెప్పడానికి ఆమెకు పావుగంట పట్టింది. పదోసారికి ఆగకుండా చెప్పింది. అతనికి ఎన్నిసార్లు చెబితే తనకు అంత స్పష్టంగా కనిపించసాగింది. మెట్టు మీద నాచు కనిపించింది. గౌను ఉబ్బడం కనిపించింది. ఇవి ఏ పొరలోనూ లేవు, చెప్పగా చెప్పగా వచ్చినవే. అది కూడా తెలుసు. తెలిసినా అవి ఊరుకోవు కదా. పెంచలయ్య తలలోంచి పాప ఒక్కో అడుగే బయటికి వెళ్తుంటే, వకుళ తలలో పాప ఒక్కో మెట్టే దిగుతోంది. దారిలో కారాపి, స్టీరింగు మీద తల పెట్టుకొని, ఈ వారం మానేద్దామని ఎన్నిసార్లు అనుకుందో. ఒక్క వారం కూడా మానలేదు.

మళ్ళీ కోతలొచ్చాయి. మంద నిజాంపట్నం వైపు దిగింది. ఆ ఆదివారం వకుళ వెళ్ళేసరికి పెంచలయ్య చెట్టు కింద లేడు, గట్టు మీద ఉన్నాడు. పోలేరి అతనికి రెండడుగుల దూరంలో కూర్చొని ఉంది. వకుళ కూర్చొని మొదలుపెట్టబోతే అతను చెయ్యెత్తి ఆపాడు.

"ఈసారి నేను చెప్తా ఉండండమ్మా. తప్పు పోతే దిద్దండి." గొంతు సవరించుకున్నాడు. "నేను మా పోలేరి చెయ్యి పట్టుకోని పడమటికి పోతా ఉండా. దీని చేతిలో కర్ర ఉండాది. కట్ట మీద బురదగా ఉన్నింది, దీని కాలు జారతా ఉండాది. అందుకని నేను కిందికి చూసుకుంటా పోతా ఉండా."

బురద సంగతి వకుళ ఎప్పుడూ చెప్పలేదు. అది ఆమెకు తెలియదు.

"మా ఎనకాల బాతుపిల్లొకటి తప్పిపోయినాది. పాప రేవులోకి దిగింది." అతను ఆగాడు. ముఖం మారిపోయింది. "ఎనకాలే గదమ్మా. అంత దగ్గర. నేను ఒక్కసారి ఎనక్కి తిరిగి చూసుంటే పాప కనపడుండేది. ఈతొచ్చినోణ్ణి. నేనెందుకు చూడలేదమ్మా?"

ఒక నేరం పోయి ఇంకోటి వచ్చి కూర్చుంటోంది. వకుళకు అది కళ్ళముందే కనిపించింది. ఇప్పుడు ఊరుకుంటే చాలు, ఈ పూత కూడా అతని మీదే పడుతుంది, జీవితాంతం మోస్తాడు. పరాయి బరువు మోయడం అతనికి అలవాటైపోయింది. కోర్టులోనూ, భర్త దగ్గరా, ఇన్ని ఆదివారాలూ ఆమె ఒక్క మాట మార్చి చెబుతూ వచ్చింది. ఇమ్మానుయేలుకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయన నోరెత్తలేదు.

"నీకు కనపడలేదు పెంచలయ్యా" అంది. "నాకు కనపడింది."

అతను అర్థం కానట్టు చూశాడు.

"నేను చూడలేదని నీకు చెప్పినదంతా అబద్ధం. డాబా మీద నుంచి చూశాను. పాప కింది మెట్టు మీద ఉంది. ముందుకు వంగుతోంది. చూసి, మళ్ళీ తల దించుకొని నా పని నేను చేసుకున్నాను. ఒక వాక్యం సగంలో ఉంది, అది పూర్తి చేద్దామనుకున్నాను."

పెంచలయ్య తప్పు కాదనీ అనలేదు, తప్పనీ అనలేదు. గోనెసంచి మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. వకుళ వెళ్ళి కూర్చుంది. కూర్చున్నాక ఏడుపు వచ్చింది. మూడేళ్ళు బతికున్న పిల్ల కోసం తిరిగిన మనిషి, చనిపోయిన పిల్ల కోసం అప్పుడు ఏడ్చింది. పరాయి మనుషుల మధ్య, పట్టపగలు, నోరు నొక్కుకోకుండా ఏడ్చింది.

ఎండ ఎక్కుతోంది. మందను నీళ్ళవైపు తోలాలని చెంగమ్మ అవతలి గట్టు నుంచి కేకేసింది. పెంచలయ్య వెంటనే లేవలేదు. వకుళ ఏడుపు తగ్గేదాకా కూర్చున్నాడు. తర్వాత గెడకర్ర అందుకొని లేచి, గట్టు మీద జాగ్రత్తగా నిలదొక్కుకొని, వెనక్కి తిరగకుండానే కూతురి కోసం చెయ్యి చాచాడు.